మూతకు ఒక చుట్టు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. మనుషుల నోళ్ళలో ఉండేది మాత్రం పేరమ్మ. పెళ్ళిళ్ళ పేరమ్మ. ఆ పేరు పెట్టినవాళ్ళు వేళాకోళానికే పెట్టారు గాని, ఆమె ఇరవై రెండేళ్ళ చాకిరీకి అంతకన్నా సరైన హోదాను ఆ కర్మాగారం ఏనాడూ ఇవ్వలేదు. ఇనుప గొట్టాలకూ బోల్టులకూ పట్టిన తుప్పును యాసిడ్‌లో ముంచి వదిలించి, ఆపైన జింకు పూత వేసే కర్మాగారం అది. ఆ యాసిడ్‌లన్నీ వచ్చి దిగేది వెనకవైపు ఆవరణలో ఉన్న కొట్టులో. వాటిలో దేన్ని ఏ పాత్రలో ఉంచాలి, దేని పక్కన దేన్ని ఉంచకూడదు, ఏ మూతను ఎంత బిగించాలి అన్నవన్నీ నిర్ణయించేది ఆమె. ఎవరికి ఎవరితో పొసగుతుందో చూసి ఒక ఇంటివాళ్ళను చేయడమే కదా అది కూడా.

"అత్తా, కొత్తగా దిగిన ఈయనకి ఏ ఇంటి సంబంధం చూశావు?" అని డబ్బాలు దించుతూ అడిగేవాడు లారీ డ్రైవరు.

"హైడ్రోక్లోరిక్ కదూ? ప్లాస్టిక్ వాళ్ళింటికి ఇచ్చేశాం. ఇనుము వాళ్ళ గడప తొక్కనిస్తే ఇంటికి ఇల్లే మింగేస్తాడు."

"మరి ఆ గాజు సీసాలో కూర్చున్న పెద్దమనిషో?"

"నైట్రిక్. ఆయనకి గాజులో ఉంటేనే మర్యాద. పక్కన చిత్తుగుడ్డ కనపడ్డా, రంపప్పొట్టు కనపడ్డా నిప్పు రాజేస్తాడు. అందుకే విడిగా కూర్చోబెట్టా."

"ఆ మూలనున్న చిన్న డబ్బా?"

"దాని జోలికి పోకు నాయనా. గాజునే తినే రకం అది. ఒంటిమీద పడితే ఎముక దాకా దిగుతుంది. ప్లాస్టిక్ తప్ప ఇంకెవరూ దాంతో కాపురం చెయ్యలేరు."

"ఇంతమందికి కుదిర్చావు, నువ్వు మాత్రం కుదుర్చుకోలేదేం అత్తా?"

"నన్ను పట్టే పాత్ర ఇంకా తయారు కాలేదులే. నీ డబ్బాలు నువ్వు దించు."

ఆమె నవ్వేటప్పుడు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకునేది. అది సిగ్గు కాదు. యాసిడ్ ఆవిరి ముందుగా తినేది పళ్ళనే. ముందరి నాలుగు పళ్ళూ ఏటికేడాది పలచబడి, కొసలు అరిగి, పాత దువ్వెన పళ్ళలా తయారయ్యాయి. పాత్రలన్నిటికీ తగిన రక్షణ ఏమిటో తెలిసిన మనిషికి, తన పళ్ళకు తగిన రక్షణను అడిగి తెచ్చుకోవడం చేతకాలేదు. ముక్కుకూ నోటికీ తొడుక్కునే ముసుగు ఆమెకు ఒకటి ఇచ్చారు. దాని వడపోత గుళిక ఏనాడో పనికిరాకుండా పోయింది. కొత్తది కావాలని ఆమె ఏటా కాగితం పెట్టేది. కాగితం పెట్టడమే జవాబు వచ్చినంత పని అని ఆ కాలంలో ఆమె నమ్మేది.

ఆమె ఆ కర్మాగారంలో మొదట ఊడ్చే పనికి చేరింది. అప్పటి కొట్టు బాధ్యుడు, ఎడమచేతి బొటనవేలికి గోరు లేని ఒక పెద్దాయన, ఒకరోజు ఆమె చీపురు పక్కన పెట్టించి రెండు చిన్న సీసాలు ముందు పెట్టాడు. ఒకదానిలో నీళ్ళు కలవని సల్ఫ్యూరిక్, రెండోదానిలో నీళ్ళు బాగా కలిపినది. రెండింటిలోనూ చెరొక ఇనుప మేకు వేశాడు. ఘాటు యాసిడ్‌లో పడిన మేకు చడీ చప్పుడూ లేకుండా పడుకుంది. పలుచని యాసిడ్‌లో పడిన మేకు ఒళ్ళంతా బుడగలు కక్కింది.

"ఏది మంచిది?" అన్నాడాయన.

"మొదటిది."

"కాదు. రెండూ చెడ్డవే. మొదటిది ఇనుము మీద ఒక పొర కట్టి, దాని వెనకాల ఆగిపోతుంది. అందుకే ఇనప డ్రమ్ములో ఉంచగలుగుతున్నాం. నీళ్ళు చేరాయంటే ఆ పొర నిలవదు. కొరుకుతూనే ఉంటుంది. ఆ బుడగల్లో ఉన్నది మండే గాలి. బలహీనమైనదని దేన్నీ తేలిగ్గా చూడకు."

ఆయన వెళ్ళిపోయాక తాళంచెవులు ఆమెకే వచ్చాయి. పదో తరగతితో ఆగిన చదువును ఆమె ఆ కొట్టులోనే కొనసాగించింది. డబ్బా వచ్చిందంటే దాని అడుగు తడిమేది, అంచులు గోటితో గీకేది, మూతలోపలి రబ్బరు పట్టీని వంచి పగుళ్ళు వెతికేది. ప్రతి పాత్ర మీదా సుద్దముక్కతో లోపలున్నదాని పేరు, పోసిన తేదీ, నిప్పు రాకూడని చోట మంట బొమ్మ వేసి దాని మీద అడ్డగీత. తన పుస్తకంలోనూ అదే రాసుకునేది. ఆ పుస్తకాన్ని ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు.

ఆమెకంటూ ఉన్నది ఒక్క తమ్ముడు. తొమ్మిదేళ్ళు చిన్నవాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఆమే, వెల్డింగు నేర్పించిందీ ఆమే, బతిమాలి బామాలి అదే కర్మాగారంలో పెట్టించిందీ ఆమే. ఇద్దరూ మేడమీది రెండు గదుల్లో ఉండేవాళ్ళు, ఒకే బస్సులో వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం కొట్టు ముందున్న బల్ల మీద ఒకే డబ్బా విప్పుకునేవాళ్ళు. తమ్ముడు పనిమంతుడు. నోటిదురుసు మనిషి కూడా. అన్యాయం కంటపడితే నిలబడి అడిగేసేవాడు. ఆ అడగడానికి ప్రతిఫలంగా అప్పటికే రెండు హెచ్చరిక ఉత్తరాలు అందుకున్నాడు. మూడోది వస్తే ఇంటికే. అందుకని ఆమె కర్మాగారంలో తనకు ఎదురయ్యే చిరాకులను వాడి చెవిన పడనిచ్చేది కాదు.

కొత్త మేనేజరు వచ్చిన నాలుగో నెలలో చిక్కు మొదలైంది. వాడేసిన పలుచని యాసిడ్‌ను శుద్ధి కోసం తీసుకెళ్ళే బండి రావడం మానేసింది. ప్లాస్టిక్ తొట్లు నిండిపోయాయి. మేనేజరు కొట్టు దగ్గరికి వచ్చి, గోడవారన బోర్లించి ఉన్న ఆరు ఖాళీ ఇనప డ్రమ్ములను చూపించాడు.

"అందులో పోయించండి."

"ఇనుములో పొయ్యకూడదు సార్."

"ఎందుకని? ఇన్నేళ్ళూ వాటిలో ఉన్నది అసలు యాసిడ్. తొంభై ఎనిమిది శాతం. ఇదేమో పది శాతం కూడా లేదు, వట్టి నీళ్ళు. అంత ఘాటుది తినని డ్రమ్ముని ఈ నీళ్ళు తింటాయా?"

"తింటాయి సార్. పలుచనిదే తింటుంది. తింటే గాలి పుడుతుంది. ఆ గాలికి నిప్పు తగిలిందంటే..."

"అమ్మా, మీరు నాకు కెమిస్ట్రీ చెప్తున్నారా?"

"రెండు సీసాలు, రెండు మేకులు చాలు సార్. అయిదు నిమిషాల్లో చూపిస్తా."

"అయిదు నిమిషాలే ఉంటే ప్లాస్టిక్ డబ్బాల కోసం ఫోన్ చేసుకునేవాణ్ణి. వారం రోజులమ్మా. వారం సర్దుకోండి."

సర్దుకోండి అన్న ఆ మాటకు చట్టంలో అర్థం లేదు. ఆదేశమూ కాదు, అభ్యర్థనా కాదు. అన్నవాడి మీద ఏమీ మిగలదు, విన్నవాడి మీద మొత్తం పడుతుంది. తాళంచెవులు మేనేజరు బల్ల మీద పెట్టి ఆమె ఆ క్షణమే బయటికి నడవవలసింది అనడం తేలిక. నడిస్తే తాళంచెవులు మరొకరికి వెళ్ళేవి, యాసిడ్ డ్రమ్ముల్లోకే వెళ్ళేది, మూతలు ఆ రోజే బిగుసుకునేవి. ఆమె ఆలోచించింది ఇంతే. అది తప్పుడు ఆలోచన కాదు. కాని తప్పంతా దానిలోంచే మొదలైంది.

ఆరు డ్రమ్ములూ నింపించింది. కింద సున్నం చల్లించింది. సుద్దముక్కతో మంట బొమ్మలు, అడ్డగీతలు పెద్దవిగా వేసింది. మూతలను బిగించకుండా ఒక చుట్టు వదులుగా ఉంచింది; అయినా మూతల అంచున తుప్పునీరు గట్టిపడి పట్టేస్తుందని, రోజూ పొద్దున్నే రాగానే ఒక్కొక్క మూతను పూర్తిగా విప్పేది. లోపలి గాలి సన్నగా, పొడుగ్గా బయటికి వచ్చేది. దాన్ని ఆమె నిట్టూర్పు అనేది. ఆరు నిట్టూర్పులూ విన్నాక మూతలు వదులుగా పెట్టి, పుస్తకంలో రాసుకునేది: 'ఆరూ తీశాను. గాలి వచ్చింది. నిప్పు దగ్గరికి రానివ్వకూడదు.'

వారం పది రోజులైంది. పది పదిహేనైంది. ఆ దారిన పోతూ మేనేజరు ఒకసారి ఆగాడు.

"చూశారా? ఏమన్నా అయిందా?"

"నేను రోజూ మూతలు తీస్తున్నా కాబట్టి కాలేదు సార్."

"అదే నేననేది. సర్దుకుంటోందిగా."

చెడ్డ ఆదేశాన్ని ఆమె అంత శ్రద్ధగా మోసింది గనుక అది మంచి ఆదేశంలా కనిపించసాగింది. పంతొమ్మిది రోజులు ఆ డ్రమ్ములను నిలబెట్టింది ఇనుము కాదు, ఆమె మణికట్టు. అది మేనేజరుకు పట్టలేదు, పట్టవలసిన అవసరమూ కలగలేదు. ప్లాస్టిక్ డబ్బాల కోసం ఎవరూ ఫోన్ చేయలేదు.

ఇరవయ్యో రోజున ఆమెకు సెలవు కావలసి వచ్చింది. అరిగిన పళ్ళలో రెండింటి కింద చీము పట్టింది. పీకించక తప్పదన్నాడు పళ్ళ వైద్యుడు. ముందురోజు సాయంత్రం మేనేజరు గదికి వెళ్ళి నిలబడింది.

"రెండు రోజులు రాను సార్. పొద్దున్నే ఆ ఆరు మూతలూ ఎవరిచేతనైనా ఒక్కసారి తీయించండి. మరిచిపోవద్దు సార్."

మేనేజరు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ఊపాడు. ఆమె బయటికి వచ్చి పుస్తకంలో అది కూడా రాసుకుంది.

ఆమె బుగ్గ వాచి మంచం మీద పడుకున్న మొదటి రోజునే కర్మాగారానికి ఒక కబురు వచ్చింది: ఎల్లుండి భద్రతా తనిఖీ. మేనేజరు చురుకైనవాడు, అది కాదనడానికి లేదు. ఒక్క పూటలో ఆవరణంతా కడిగించాడు. కొట్టు ముందున్న డ్రమ్ములు వికారంగా కనిపించాయి. మూతలు వదులుగా ఉంటే తనిఖీలో రాసేస్తారని ఆరింటినీ గట్టిగా బిగింపించాడు. తుప్పు మరకలు కనిపించకుండా నీలిరంగు వేయించాడు. నీలిరంగు కింద సుద్దగీతలూ, మంట బొమ్మలూ, తేదీలూ అన్నీ కప్పబడిపోయాయి. చూడముచ్చటగా తయారయ్యాయి డ్రమ్ములు. రెండో రోజు, కొట్టు పక్కనున్న ఇనప స్తంభానికి కొత్త బోర్డు బిగించాలని తలచాడు. భద్రతే మా తొలి కర్తవ్యం అని ఆ బోర్డు మీద రాసి ఉంది. దాన్ని నిలపడానికి స్తంభానికి రెండు కొక్కేలు అతకాలి. వెల్డరును పిలిపించాడు.

తమ్ముడు వచ్చాడు. అక్కడ రంగు వేస్తున్న మనిషి డ్రమ్ముల వంక చూసి అన్నాడట, "ఇవేంటన్నా, ఉబ్బినట్టున్నాయి?"

"మా అక్క కొట్టు దగ్గర భయమేంటిరా? పిన్నుకి కూడా పుట్టుమచ్చలు రాసి పెట్టుకునే మనిషి. లోపల ప్రమాదముంటే తన మంట బొమ్మల మీద రంగు పడనిస్తుందా? ఖాళీ చేయించే సెలవు పెట్టుంటుంది."

ఆ తర్వాత నిప్పురవ్వ ఎగిరింది.

పేలింది ఒక్క డ్రమ్మే. పైకప్పు రేకు ఊడి ఎగిరిపోయింది. యాసిడ్ తమ్ముడి ముఖం మీదా మెడ మీదా పడింది. రంగు వేసే మనిషి అతన్ని ఈడ్చుకెళ్ళి నీళ్ళ తొట్టిలో ముంచబట్టి ప్రాణం దక్కింది. కుడికన్ను పోయింది. ఎడమకంటికి వెలుగుకూ చీకటికీ తేడా తెలిసేంత చూపు మిగిలింది. తనిఖీ వాయిదా పడింది.

పక్కింటావిడ ఫోన్ అందుకుని పైకి పరిగెత్తుకొచ్చేసరికి పేరమ్మ నోట్లో నెత్తురుతో తడిసిన దూది ఉంది. ఆసుపత్రి దాకా ఆ దూదితోనే వెళ్ళింది. దాన్ని ఉమ్మేయడం ఆమెకు గుర్తు రాలేదు.

అయిదో రోజున మేనేజరు ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో పళ్ళ సంచి, జేబులో టైపు చేసిన కాగితం. తమ్ముడు మందు మత్తులో ఉన్నాడు. మేనేజరు ఆమెను వసారాలోకి పిలిచి నెమ్మదిగా మాట్లాడాడు.

"ఎవర్నీ అనేదేం లేదమ్మా, మన గ్రహచారం అంతే. కాకపోతే పైవాళ్ళకి ఏదో ఒకటి రాసివ్వాలి కదా. అనుమతి తీసుకోకుండా నిప్పుపని చేశానని మీ తమ్ముడు ఒప్పుకుంటే చాలు. వైద్యం మొత్తం కంపెనీదే."

"వాణ్ణి పిలిపించింది మీరు కదా సార్."

"పిలిచాను. అనుమతి పత్రం తీసుకోమని కూడా చెప్పాను."

"ఎవరి దగ్గర?"

"కొట్టు బాధ్యులెవరో వాళ్ళ దగ్గర." ఆమె వాచిన దవడ వైపు చూశాడు. "ఆ రోజు వాళ్ళు లేరనుకోండి."

ఆమె కాగితాన్ని మడిచి అతని జేబులోనే తిరిగి పెట్టింది. అంత దగ్గరగా ఒక అధికారికి చేయి చాపడం ఆమె జీవితంలో అదే మొదలు.

సంతకం రాకపోతేనేం, కర్మాగారం తన నివేదికలో ఆ మాటే రాసి పంపింది: వెల్డరు నిర్లక్ష్యం. ఆ ముద్ర నిలిస్తే తమ్ముడికి ఉద్యోగమూ ఉండదు, వైద్యమూ ఆగిపోతుంది. అంతకుమించి, కళ్ళు పోగొట్టుకున్నవాడే కళ్ళు పోవడానికి కారకుడని పైవాళ్ళ చేతిరాతతో జీవితాంతం నిలిచిపోతుంది. ఆమె పుస్తకాన్ని బట్టలో చుట్టి పక్కన పెట్టుకుని ఆలోచించింది. పంతొమ్మిది రోజుల రాత అందులో ఉంది. నిప్పు ఎందుకు రాకూడదో, డ్రమ్ముల్లో ఎవరు పోయించారో, సెలవుకు ముందు ఎవరికి చెప్పిందో, అన్నీ ఉన్నాయి. నిజం కాగితం మీద ఉన్నప్పుడు దాన్ని చదవడమే కదా మిగిలింది అనుకుంది. చదవడం తెలిసినవాళ్ళందరూ ఒకేలా చదవరని ఆమెకెవరూ చెప్పలేదు.

విచారణాధికారిని నియమించింది కర్మాగారమే. ఎవరి మీద విచారణ జరగాలో వాళ్ళే విచారించేవాణ్ణి ఎంచుకోవడం అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. ఆయన పదవీ విరమణ చేసిన పెద్దమనిషి, మాటతీరు మెత్తన. మేనేజరు గదిలోనే, మేనేజరు కుర్చీలోనే కూర్చున్నాడు. పేరమ్మ పుస్తకంతోపాటు ఒక సంచి కూడా తెచ్చింది. అందులో మూతలు బిగించిన రెండు చిన్న సీసాలు, రెండు మేకులు.

"అదేంటమ్మా?"

"చూపిద్దామనండి. అయిదు నిమిషాలు."

"ఇది విచారణ తల్లీ, ప్రదర్శన కాదు. ఆ పుస్తకం ఇలా ఇవ్వండి. ఇది మీదేనా?"

"నాదేనండి."

"రాత?"

"నాదే."

"ప్రతిరోజూ 'గాలి వచ్చింది, నిప్పు దగ్గరికి రానివ్వకూడదు' అని రాశారు. నమ్మే రాశారా?"

"నమ్మకపోతే ఎందుకు రాస్తానండి?"

"అంటే ప్రమాదముందని మీకు తెలుసు."

"తెలుసు. అందుకే మేనేజరుగారికి మొదటిరోజే చెప్పాను. ఇదిగో, ఇక్కడ రాసుంది. సెలవు పెట్టే ముందూ చెప్పాను. ఇదిగో, ఇక్కడ."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "నాకు అలాంటిదేమీ గుర్తు లేదు సార్. నేను చదివింది వాణిజ్యం, కెమిస్ట్రీ నాకెలా తెలుస్తుంది? ఇరవై రెండేళ్ళ అనుభవమున్న మనిషిని నమ్మాను. డ్రమ్ములు పంతొమ్మిది రోజులు క్షేమంగా ఉంటే నాకు అనుమానం ఎందుకొస్తుంది?"

విచారణాధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మీరు చెప్పారని మీరే రాసుకున్నది మీ తరఫు సాక్ష్యంగా పనికిరాదు. మీకు తెలుసని మీరే రాసుకున్నది మాత్రం పనికొస్తుంది."

"రెండూ ఒకే పేజీలో ఉన్నాయి కదండీ."

"ఒకే పేజీయే."

ఆమెకు ఇంకా ఏదో అనాలని ఉంది. కాని పళ్ళు పీకిన చోట గాలి దూరి మాట జారిపోతోంది. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని కూడా రాసేవాడు రాసుకున్నాడు: 'బదులు లేదు.'

నెలన్నరకు నివేదిక వచ్చింది. తమ్ముడు చదువుకోలేడు కనుక ఆమే చదివి వినిపించింది. మేడమీది గదిలో, కిటికీ వెలుగు పడేచోట అతన్ని కూర్చోబెట్టి. పదకొండో పేరాలో వెల్డరు నిర్దోషి అని ఉంది. వైద్యం కొనసాగుతుందని ఉంది. ఆ మాటను రెండుసార్లు చదివింది. పన్నెండో పేరాలో మేనేజరు సాంకేతిక విషయాల్లో సద్భావంతో ఇతరుల మీద ఆధారపడ్డాడని ఉంది. పద్నాలుగో పేరాను ఆమె దాటేయబోయింది.

"పదమూడు తర్వాత పదిహేను చదివావేంటక్కా?"

చదివింది. ప్రమాదాన్ని గురించి పూర్తి అవగాహన ఉన్న ఏకైక వ్యక్తి కొట్టు బాధ్యురాలు. అవగాహన ఉండి కూడా నిల్వకు సహకరించడం, సెలవు కాలానికి రాతపూర్వకమైన అప్పగింత చేయకపోవడం తీవ్రమైన కర్తవ్యలోపం. ఉద్యోగం నుంచి తొలగించడమైనది.

తమ్ముడు ముఖాన్ని కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"పంతొమ్మిది రోజులా అక్కా?"

"ఊఁ."

"రోజూ ఒకే బస్సులో వచ్చాం. ఆ డ్రమ్ముల ముందున్న బల్ల మీదే కూర్చుని తిన్నాం. ఊరివాళ్ళ ముచ్చట్లన్నీ చెప్పావు. ఇదొక్కటీ చెప్పడానికి నోరు రాలేదా?"

చెబితే నువ్వు వెళ్ళి మేనేజరు గల్లా పట్టుకునేవాడివి, మూడో ఉత్తరం వచ్చేది, నీ ఉద్యోగం పోయేది అని ఆమె అనలేదు. ఆ ఉద్యోగాన్ని ఏ కళ్ళతో చేస్తాడు గనక. నివేదికను నాలుగు మడతలు పెట్టి, అన్నం కలిపి ముద్ద చేతికి అందించింది. అతను అందుకున్నాడు గాని, ఎప్పటిలా ఉప్పు తక్కువైందని వెక్కిరించలేదు. ఆ తర్వాత కూడా ఆమెతో మాట్లాడాడు. మంచినీళ్ళు కావాలనీ, మందు వేళ అయిందనీ.

తాళంచెవులు అప్పగించడానికి ఆమె చివరిసారి కర్మాగారానికి వెళ్ళింది. ఇనప డ్రమ్ములు పోయి వాటి స్థానంలో కొత్త ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఫోన్ చేసిన రెండో రోజునే వచ్చాయట. కొత్త కొట్టు బాధ్యుడు లెక్కల విభాగం నుంచి వచ్చిన మనిషి, చెడ్డవాడు కాదు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"కూర్చోండి పిన్నిగారూ. మీ గురించి చాలా విన్నాను."

"తాళాలు ఇవిగో బాబూ. ఏది దేంట్లో పెట్టాలో, దేని పక్కన దేన్ని పెట్టకూడదో, ఒక్క గంట కూర్చుంటే చెప్పేస్తాను. ముఖ్యంగా ఆ మూల..."

అతను గబగబా రెండు చేతులూ ఎత్తాడు, చెవులు మూసుకోబోయినవాడిలా. "వద్దు వద్దు పిన్నిగారూ. దండం పెడతాను, నాకేమీ చెప్పకండి. నివేదిక నేనూ చదివాను. మేనేజరుగారికి తెలీదు గనక ఆయన కుర్చీలో ఉన్నారు, మీకు తెలుసు గనక మీరు బయటికి పోతున్నారు. నాకు పెళ్ళాం పిల్లలున్నారు. నన్ను తెలియనివాడిగానే ఉండనివ్వండి."

అతని మాటలో వెటకారం లేదు. నివేదిక నుంచి నేర్చుకోవలసిన పాఠాన్ని ఆ కర్మాగారం మొత్తంలో సరిగ్గా నేర్చుకున్నవాడు అతనొక్కడే.

ఆమె చూపు అతని భుజం మీదుగా వెళ్ళి అరమీద ఆగింది. మూలనుండవలసిన చిన్న డబ్బా అక్కడ ఖాళీగా పడి ఉంది. దాని పక్కనే మూత బిగించిన గాజు జాడీ, సగానికి పైగా నీళ్ళలాంటి ద్రవం. జాడీ లోపలివైపు గాజు మెరుపు అప్పటికే చచ్చి, పొగ పట్టినట్టు తెల్లబడుతోంది.

"అది గాజులో ఎవరు పోశారు?"

"డబ్బా పగిలిందని పొద్దున్న ఎవరో... చూడండి, నేను మీ ప్రశ్న వినలేదు."

"అది గాజుని తింటుంది. అడుగు ఊడిందంటే కింద ఎవరున్నా..."

"నేను వినలేదు పిన్నిగారూ!"

బల్ల మీదున్న తాళంచెవులను ఆమె చూసింది. అవి ఇక ఆమెవి కావు. ఆ అరను ముట్టుకునే హక్కు ఆమెకు లేదు. ముట్టుకుంటే, తెలిసి ముట్టుకున్నదని రాయడానికి ఇంకో పేరా చాలు. మేకుకు తగిలించి ఉన్న తన పాత రబ్బరు తొడుగులను మోచేతుల దాకా లాక్కుంది. ముఖానికి కవచం పెట్టుకుంది. కొత్త ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసి, అడుగు తడిమి, మూతలోపలి పట్టీని వంచి చూసింది. జాడీని రెండు చేతులతో దించి, చుక్క తొణకకుండా అందులోకి వంచసాగింది.

కొత్త బాధ్యుడు తలుపు దగ్గరికి వెళ్ళి కాపలా మనిషిని కేకేశాడు. కాపలా మనిషి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు; ఇరవై రెండేళ్ళుగా ఆమెకు రోజూ గేటు తీసినవాడు.

"అక్కా, ఇక వచ్చెయ్యక్కా. నన్ను చెయ్యి పట్టుకోనివ్వకు."

"ఆగు తమ్ముడూ," అంది ఆమె, పోస్తున్న ధార మీంచి చూపు తిప్పకుండా. "మూత పెట్టనివ్వు."